దాస్యమున స్వాతంత్ర్యము: తెలుగు క్రైస్తవుల చరిత్రపై ఒక విచారణ

మన కిన్వట్ ప్రాంతము సరిహద్దు భూమి. ఉత్తరమున పెన్‌గంగ ప్రవహించుచున్నది. తూర్పున ఆదిలాబాదు, దక్షిణమున నిర్మలు సీమ. ఇచ్చట తెలుగు, మరాఠీ, గోండి, కొలామీ, లంబాడీ భాషలు ఒకే సంతలో వినవచ్చును. 1956 నవంబరు 1వ తేదీ వరకు కిన్వట్ హైదరాబాదు రాష్ట్రములోని ఆదిలాబాదు జిల్లాకు చెందిన తాలూకా. రాష్ట్రముల పునర్విభజనచే నాడది బొంబాయి రాష్ట్రమునందలి నాందేడు జిల్లాలో చేరినది. 1960 మే 1వ తేదీన మహారాష్ట్రలో భాగమైనది. మన పెద్దలు ఇల్లు కదలలేదు. వారి రాష్ట్రము మారినది. ఏలికలును, కచేరి భాషయు, సరిహద్దు గీతలును మారుచుండగా మనుష్యుడు దేనికి కట్టుబడి నిలుచునను ప్రశ్న ఇట్టి భూమిలో నివసించువారికి పుస్తకములలోని ప్రశ్న కాదు.

ఈ ప్రశ్నకు తెలుగువారిలో ఒక వర్గము, అందును మిక్కిలి అణచివేయబడిన వర్గము, గత నూటయేబది సంవత్సరములకు పైగా తన జీవితముతోనే ఒక సమాధానము చెప్పుచు వచ్చినది. దేవునికి సంపూర్ణముగా లోబడినవాడే మనుష్యులయెదుట స్వతంత్రుడగునని ఆ సమాధానము. తెలుగు క్రైస్తవుల చరిత్రను మన సాంస్కృతిక వ్యాసములలో తఱచుగా స్పృశింపము. అది వేఱొక మతమువారి సంగతియని ప్రక్కకు నెట్టుట మనకు అలవాటైనది. కాని అది తెలుగు పల్లెల చరిత్ర, మన మాలపల్లెల, మాదిగపల్లెల చరిత్ర, వెట్టిచాకిరి చరిత్ర. కావున మతాభిమానమును గాని మతద్వేషమును గాని ప్రక్కనుంచి దీనిని విచారించుట మనకు ఉచితము.

మొదట మాటల సంగతి. స్వాతంత్ర్యమనగా ఎవరికిని లోబడకుండుటయని లోకము తలంచును. దాస్యమనగా దానికి విరుద్ధము. ఈ రెండును ఒకే చోట ఎట్లు నిలుచును? మన భక్తి సంప్రదాయమునకు ఈ చిక్కు క్రొత్తది కాదు. శ్రీవైష్ణవులు ప్రపత్తియనియు శరణాగతియనియు చెప్పినది ఇదియే. కంచెర్ల గోపన్న గోలకొండ చెఱసాలలో నుండియు తాను రామునికే దాసుడనని పాడుకొనెను గనుకనే తెలుగువారు ఆయనను రామదాసుగా స్మరించుచున్నారు. పోతన తన భాగవతమును రాజులకు అంకితమీయక శ్రీరామునికే సమర్పించెనను సంప్రదాయ కథయందును ఇదే భావము కలదు. మన పొరుగున మరాఠీ దేశమున చోఖామేళుడు పంఢరపురపు గుడి వెలుపల నిలిచి విఠలుని కొలిచెను. గుడి తలుపు ఆయనకు తెఱవబడలేదు గాని ఆయన భక్తిని ఎవరును మూయలేకపోయిరి.

క్రైస్తవ మతమునందు ఈ భావము దాని తొలి నాళ్లనుండియు కలదు. పౌలు తన లేఖలలో తన్ను క్రీస్తు దాసుడని చెప్పుకొనెను. ఆయన వాడిన గ్రీకు పదము మర్యాదకు చెప్పు సేవకుడను మాట కాదు. అంగడిలో కొనబడిన బానిసకు ఆ కాలమున వాడుకలోనున్న మాట. రోమను సామ్రాజ్యమున బానిసలు లెక్కకు మిక్కిలిగా నుండిరి. అట్టి సమాజమున ఒకడు తాను దేవునికి అమ్ముడుపోయితిననినచో, తనపై తక్కిన యజమానుల హక్కు అసంపూర్ణమని చెప్పినట్లే. 1520లో జర్మనీ దేశమున మార్టిన్ లూథరు క్రైస్తవుని స్వాతంత్ర్యమును గూర్చి ఒక చిన్న గ్రంథము రచించి, విశ్వాసముచే క్రైస్తవుడు ఎవరికిని లోబడని ప్రభువనియు, ప్రేమచే అందఱికిని లోబడిన సేవకుడనియు వాదించెను. ఇవి పండితుల మాటలు. చదువురాని, భూమిలేని, గ్రామ నడిబావినుండి నీరు తోడుకొను హక్కు లేని తెలుగువాని చేతిలో ఈ భావము ఏమైనది? చరిత్ర పరీక్ష అచ్చట నున్నది.

పందొమ్మిదవ శతాబ్దిలో తెలుగు గ్రామ వ్యవస్థను ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకొందము. మాదిగవాడు మోటబావికి తోలుబాన కుట్టవలెను. రైతుకు చెప్పులు కుట్టవలెను. జాతరకు డప్పు కొట్టవలెను. చచ్చిన పశువును ఈడ్చివేయవలెను. ప్రతిఫలముగా కళ్లమున కొంత ధాన్యము, చచ్చిన పశువు మాంసము, తోలు. ఈ పనిలో దినమునకు గాని గంటకు గాని లెక్క లేదు; పిలిచినప్పుడెల్ల పోవలెను. నిజాము రాజ్యమున ఇదియే వెట్టియను పేర మఱింత కఠినమైనది. దొరకును, పటేలు పట్వారీలకును, ఊరికి వచ్చిన సర్కారు ఉద్యోగికిని కూలి లేకయే మాల మాదిగలు, చాకలివారు, కుమ్మరులు తమ తమ చాకిరి చేయవలసియుండెను. 1930లో మెదకు జిల్లా జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ఆంధ్రమహాసభ తొలి సమావేశము జరిగిన కాలమున కూడ వెట్టి తెలంగాణపు పెద్ద సమస్యలలో నొకటి.

ఇట్టి వ్యవస్థలో పుట్టినవాడు ఎఱ్ఱగుంట్ల పేరయ్య. ఒంగోలుకు పశ్చిమమున తాళ్లకొండపాడు ఆయన గ్రామము. తోళ్ల వ్యాపారము ఆయన వృత్తి. పేరయ్య దేవుని వెదకుట మిషనరీలను కలిసిన తరువాత మొదలుపెట్టినవాడు కాడు. అంతకుముందే రాజయోగ సంప్రదాయమును అనుసరించి ధ్యానము చేయుచుండినవాడు; విగ్రహముల వెనుక ఒకే దైవము కలదని నమ్మినవాడు. ఈ విషయము ముఖ్యము. తెలుగు పల్లెలలో అచల, రాజయోగ మార్గములు తక్కువ కులములవారిలోనే బహుళముగా వ్యాపించియుండెను. కావున క్రైస్తవ బోధ పడిన నేల బీడు కాదు. పూర్వమే దున్నబడిన నేల. తోళ్ల వ్యాపారమునకై ఉత్తరమున ఏలూరు ప్రాంతమునకు పోయినప్పుడు ఆయన క్రైస్తవ బోధను వినెను. 1866లో జాన్ క్లౌ చెందిన అమెరికను బాప్టిస్టు మిషను ద్వారా బాప్తిస్మము పొందెను. 1867 జనవరి 1వ తేదీన ఒంగోలులో సంఘము ఎనిమిదిమందితో ఏర్పడినది. అదే మాసమున తాళ్లకొండపాడునందు ఇరువదియెనమండ్రు బాప్తిస్మము పొందిరి.

క్రొత్తగా చేరినవారికి విధింపబడిన నియమములు మూడు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. చూచుటకు ఇవి మూడు నిషేధములు. మనుష్యుని స్వేచ్ఛను ఇవి తగ్గించునని పైపైన తోచును. కాని గ్రామమున ఇవి చేసిన పని వేఱు. ఆదివారపు నియమమును తీసికొందము. ఏడు దినములును ఊరికి చెందినవాడు ఒక దినము ఊరికి చెందననెను. ఎందువలన? ఆ దినమునకు వేఱొక యజమానుడు కలడు గనుక. తనకు సెలవు కావలెనని మాదిగవాడు అడిగినచో ఎవరును ఈయరు. అడుగుటకు అతనికి నోరే లేదు. కాని అది దేవుని ఆజ్ఞయైనప్పుడు అతడు అడుగువాడు కాక లోబడువాడైనాడు. పై ప్రభువునకు లోబడుటచే క్రింది ప్రభువునకు హద్దు ఏర్పడినది. నూర్పిళ్ల కాలమున ఈ ఒక్కనాటి విశ్రాంతి గ్రామాధికారులకు ఎంత ఆగ్రహము కలిగించెనో క్లౌ తన జీవితచరిత్రయందు వివరించెను.

రెండవ నియమము ఆకలిగొన్నవాని నోటి ముందునుండి ఆహారమును తీసివేయునది. ఐనను ఆ మాంసము కేవలము ఆహారము కాదు. అది జీతమునకు బదులుగా నిచ్చు అవమానము. దానిని వదలుకొనుటయనగా ఆ బదులును వదలుకొనుట. మూడవ నియమముచే జాతరలో డప్పు ఆగెను. డప్పుతో పాటు ఒక కళయు, కొన్ని పాటలును ఆ పల్లెలలో తగ్గియుండవచ్చును. ఆ నష్టమును మనము కాదనరాదు. కాని ఆ వాద్యము వారు తమంతట తాము మ్రోగించినది కాదు, పిలిచినప్పుడు కొట్టి తీరవలసినది. ఈ నియమములను పాటించినవారికి పని నిరాకరింపబడెను. నీటికి అడ్డు చెప్పబడెను. కొన్నిచోట్ల దెబ్బలును పడెను. అంత బాధ కలుగునని తెలిసియు జనులు లోబడిరనగా, ఆ లోబాటునందు వారికి లభించినది చిన్న వస్తువు కాదని ఊహింపవలెను.

ఇక్కడ ఒక ఆక్షేపణ ఎదురగును. కరవు కాలమున కూటికొఱకు మతము మారిరి గాని దేవునికొఱకు కాదని చాలమంది చెప్పుదురు. దీనికి చరిత్రలో ఆధారమేమో చూతము. 1876 మొదలు 1878 వరకు దక్షిణ దేశమున ఘోరమైన కరవు వచ్చినది. కృష్ణా డెల్టాను చెన్నపట్టణముతో కలుపు బకింగుహాము కాలువ త్రవ్వకమును ప్రభుత్వము కరవు పనిగా చేపట్టెను. క్లౌ మూడున్నర మైళ్ల కాలువ త్రవ్వుటకు గుత్త తీసికొని వేలకొలది జనులకు పని కల్పించెను. బోధకులే మేస్త్రీలై కూలివారితో కలిసి మెలసి యుండిరి. ఆ కాలమున బాప్తిస్మమడిగినవారు కోకొల్లలు. కాని కరవు సాగినంతకాలము, సుమారు పదునైదు మాసములు, క్లౌ ఎవరికిని బాప్తిస్మమీయలేదు. సహాయము ముగియునని తెలిసిన తరువాతనే 1878 జూలైలో తలుపు తెఱచెను. జూలై 3వ తేదీన ఒంగోలుకు ఉత్తరమున వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మూడు దినములలో ఆ సంఖ్య 3,536కు చేరెను. నీటిలో దిగి బాప్తిస్మమిచ్చినవారు ఆఱుగురు బోధకులు, ఇద్దఱిద్దఱు చొప్పున వంతులవారిగా.

కరవునకును ఈ మార్పునకును సంబంధము లేదనుట సత్యము కాదు. ఆపదలో చేయిచ్చిన వానియందు నమ్మకము కలుగుట మానవ స్వభావము. కాని ఇచ్చుటకు కూలి లేని సమయమున వచ్చినవారిని కూటికొఱకు వచ్చినవారనుటయు న్యాయము కాదు. అంతకంటె ముఖ్యమైన మాట యొకటి కలదు. కలిగినవాడు మతమును గూర్చి ఆలోచించినచో దానిని జిజ్ఞాస యందుము. పేదవాడు ఆలోచించినచో ఆకలి యందుము. ఈ రెండు కొలతలును మన మనస్సునందే ఉన్నవేమోయని పరీక్షించుకొనవలసియున్నది.

రెండవ ఆక్షేపణ మఱింత బలమైనది. దేవునికి లోబడితిమని చెప్పుచు వీరు తెల్లదొరకు లోబడిరి కదా? గ్రామమునందలి దొర పోయి బంగళాలోని దొర వచ్చెను కదా? ఇది కొట్టివేయదగిన మాట కాదు. తెలుగు క్రైస్తవులు మిషనరీని సైతము దొరగారనియే పిలిచిరి. జీతములు, బడులు, ఆస్తులు చిరకాలము పరదేశపు సంఘముల చేతిలో నుండెను. మాల సంఘము వేఱు, మాదిగ సంఘము వేఱు అను భేదమును పెక్కుచోట్ల నిలిచియుండెను. డాక్టరు అంబేడ్కరు ఈ లోపమును నిర్మొహమాటముగా విమర్శించెను. క్రైస్తవులైనవారు తమ సాంఘిక హక్కులకొఱకు తగినంత పోరాడలేదని ఆయన అభిప్రాయము. 1935లో నాసిక్ జిల్లా యేవలాలో హిందువుగా మరణింపనని ప్రకటించిన ఆయన, ఇరువదియొక్క సంవత్సరములు ఆలోచించి, 1956 అక్టోబరు 14వ తేదీన నాగపురమున బౌద్ధమును స్వీకరించెను. దేవునికి లోబడుట యను మాటయే లేని మార్గమునాయన ఎంచుకొనెను. మన తాలూకా ఆదిలాబాదునుండి విడివడుటకు అది పదునెనిమిది దినములకు ముందు జరిగిన సంగతి. మన ఇరుగుపొరుగున ఆ మార్గము నవలంబించిన కుటుంబములు అనేకము. విడుదలకు దారి యొక్కటియే యని ఎవరును చెప్పజాలరు.

ఐనను క్రైస్తవ మార్గమునందే ఈ రెండవ ఆక్షేపణకు జవాబు చెప్పిన వారు కలరు. వారిలో అగ్రగణ్య, మన మహారాష్ట్రమున పనిచేసిన పండిత రమాబాయి. 1858లో జన్మించి, తండ్రివద్ద సంస్కృతము నేర్చి, కరవునందు తల్లిదండ్రులను కోల్పోయి, కలకత్తా పండితులచేత సరస్వతియని బిరుదు పొందిన ఆ విదుషి 1883లో ఇంగ్లండునందు క్రైస్తవ మతమును స్వీకరించినది. స్వీకరించిన వెంటనే ఆమెకును ఆంగ్లికను గురువులకును వివాదము పుట్టెను. తాను దేవునికి లోబడితిని గాని గురువుల అభిప్రాయములకెల్ల లోబడలేదని ఆమె లేఖలలో నిర్భయముగా వ్రాసినది. పూర్వపు పురోహితుల కాడిని తొలగించుకొన్న మెడపై క్రొత్త కాడిని మోపనీయనని ఆ లేఖల సారము. 1889లో బొంబాయిలో శారదాసదనమును, తరువాత పూనా సమీపమున కేడ్గాఁవ్‌నందు వితంతువులకును అనాథలకును మఱొక ఆశ్రమమును నెలకొల్పినది. ఆ ఆశ్రమమునకు ఆమె పెట్టిన పేరు ముక్తి. దేవునికి లోబడుటయు, దేవుని పేర మాటలాడు మనుష్యునికి లోబడుటయు ఒకటి కాదని ఆమె జీవితము చెప్పుచున్నది. ఈ భేదము తెలియనిచోట భక్తి దాస్యముగనే మిగులును. తెలిసినచోట అది విడుదల యగును.

తెలుగువారిలో ఈ భేదమును ఆచరణయందు చూపినవాడు జాన్ రంగయ్య. మన కిన్వట్ వారికి ఆయన కథ ప్రత్యేకముగా వినదగినది. ఏలయన అది తెలుగు దేశము వెలుపల నున్న తెలుగువారి కథ. 1860 నవంబరులో ట్రూరో అను ఓడలో మొదటి భారతీయ కూలీలు దక్షిణాఫ్రికాలోని నేటాలు తీరమున దిగిరి. గిరిమిటియా ఒప్పందము ప్రకారము నియమితమైన సంవత్సరములు చెఱకు తోటలలో పని చేయవలెను. యజమానుని అనుమతి లేక తోట విడువరాదు. తరువాతి కాలమున అట్లు పోయినవారిలో తెలుగువారు చాలమంది. వారిలో బాప్టిస్టు కుటుంబములును కొన్ని. వారికొఱకు 1903లో తెలుగు బాప్టిస్టుల స్వదేశ మిషను సంఘము రంగయ్యను పంపినది. తెల్లవారి సంఘము కాదు, తెలుగు పేదల సంఘము! కాలువ త్రవ్వి, చెప్పులు కుట్టి జీవించినవారి బిడ్డలు తమ కానుకలతో సముద్రము దాటించి ఒక బోధకుని పోషించిరి. గుండ్లకమ్మ ఒడ్డున జరిగినదానికి అప్పటికి ఇరువదియైదు సంవత్సరములు మాత్రమే. అదే సంవత్సరము చివర కియర్స్‌నీ అను టీ తోటల ప్రాంతమున తొలి తెలుగు బాప్టిస్టు సంఘము ఏర్పడెను.

ఆ సంఘమున సభ్యులు తమ కాపరిని తామే ఎన్నుకొనవచ్చును, లెక్కలు తామే చూచుకొనవచ్చును, సభలో లేచి మాటలాడవచ్చును. బాప్టిస్టుల సంఘ నిర్వహణ పద్ధతి అట్టిది. ఆఱు దినములు తోట యజమానునికి కట్టుబడిన కూలి ఏడవ దినమున ఒక సభలో ఓటు గలవాడు! అతని ఒప్పందపు కాగితము మాఱలేదు, కూలి పెరగలేదు. కాని తాను కేవలము కూలిని కాననెడి జ్ఞానము అతనికి వారమున కొకసారియైనను కలుగుచుండెను. అంతే కాదు, తెలుగు కీర్తనయు తెలుగు బైబిలును ఆ కుటుంబములలో తెలుగును నిలిపినవి. పరదేశమున భాషను నిలుపుకొనుట ఎంత కష్టమో మన సంఘమువారికి చెప్పనక్కఱలేదు.

తెలుగు కీర్తన మాట వచ్చినది గనుక పురుషోత్తమ చౌదరిగారిని స్మరింపవలెను. 1803లో బ్రాహ్మణ కుటుంబమున జన్మించి, పర్లాకిమిడి ప్రాంతమున పెరిగి, క్రైస్తవుడై, 1890లో పరమపదించిన ఆయన రాగతాళములతో కూడిన తెలుగు కీర్తనలను రచించెను. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంపుటమున నేటికిని అవి పాడబడుచున్నవి. రామదాసు కీర్తనల త్రోవనే క్రీస్తు దాసుని కీర్తనయు నడచినది. భక్తి పాత్ర మాఱినను తెలుగు మాఱలేదు.

ఇక తెలంగాణమునకు వత్తము. వేదనాయకం శామ్యూలు అజరయ్య తిరునెల్వేలి జిల్లాలో 1874లో జన్మించిన తమిళుడు. 1909లో నిజాము రాజ్యమునందలి డోర్నకలుకు వచ్చి, తెలుగు నేర్చి, మాలమాదిగ పల్లెలలో పనిచేసెను. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో ఆంగ్లికను సంఘపు తొలి భారతీయ బిషప్పుగా అభిషిక్తుడయ్యెను. 1910లో ఎడింబరోనగరపు మహాసభలో పాశ్చాత్య మిషనరీలను ఎదుట నుంచుకొని, మీరు మాకు దానములిచ్చితిరి గాని స్నేహమీయలేదను భావమున మాటలాడి సభను కలవరపఱచినవాడాయనయే. బాప్తిస్మము పొందినవారిచేత తల మీద చేయి పెట్టించి, తాము విన్న శుభవార్తను ఇతరులకు చెప్పుదుమని ప్రమాణము చేయించుట ఆయన పద్ధతి. ఎవరి తలపై ఇంతవరకు మోపులు తప్ప మఱేమియు పెట్టబడలేదో, వాని చేయి వాని తలపైనే నిలిచి, నీవు చెప్పదగినవాడవు అని అతనికి తెలియజేసినది. 1939లో ప్రతిష్ఠింపబడిన డోర్నకలు దేవాలయమున హిందూ, ముస్లిము శిల్పరీతులు కలసియున్నవి. గాంధీజీకిని అజరయ్యగారికిని సామూహిక మతాంతరీకరణము విషయమున 1930 దశాబ్దమున తీవ్రమైన అభిప్రాయభేదము కలిగెను. ఇద్దఱును దేశభక్తులే, ఇద్దఱును దైవభక్తులే. ఆ భేదము నేటికిని తీరినది కాదు.

మెదకులో చార్లెసు పోస్నెట్టుగారి పర్యవేక్షణమున 1914లో మొదలై 1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠింపబడిన మహా దేవాలయమును మనలో చూడనివారు తక్కువ. దాని నిర్మాణము కరవు కాలమున అనేకులకు కూలి నిచ్చినదని ఆ ప్రాంతమువారు చెప్పుకొందురు. మనకు ఇంకను దగ్గఱ, నిజామాబాదు ప్రక్కన డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠువైద్యశాల నెలకొన్నది. ఇసబెల్ కెర్ అను వైద్యురాలు, ఆమె భర్త జార్జి కెర్ దానికి మూలస్తంభములు. నర్సాగౌడుగారను హిందూ దాత దానికి పెద్ద చేయూత. ఊరి నుండి వెలివేయబడిన రోగిని తాకుటకు వెఱవని చేయి అచ్చట కనబడెను. లూథరు చెప్పిన రెండవ భాగము, అనగా ప్రేమచే అందఱికిని సేవకుడగుట, ఇట్టి చోట్ల అర్థమగును. తనకై తాను భయపడుట మానినవాడే అట్టి సేవ చేయగలడు.

ఈ చరిత్ర కన్న బిడ్డలలో గుఱ్ఱం జాషువా కవి ఒకడు. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబమున జన్మించెను. హిందూ పురాణ విషయములపై కవిత్వము చెప్పినందుకు స్వమతస్థులు ఆక్షేపించిరి. అస్పృశ్యుడని అన్యమతస్థులు దూరముంచిరి. 1941లో వెలువడిన గబ్బిలము కావ్యమున ఆయన అస్పృశ్యుని మొఱను కాశీ విశ్వనాథునికి గబ్బిలముచేత పంపించెను. క్రీస్తు చరిత్రమునకు 1964లో సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. ఏ గుడి కట్టుబాటునకును పూర్తిగా ఇమడక, కరుణకు మాత్రము లోబడిన ఆ కవి స్వరమును తెలుగువారందఱును తమదిగా స్వీకరించిరి. సమాజమునకు దూరమైన పల్లెనుండి సాహిత్య సింహాసనమునకు ఒక దారి ఏర్పడుటలో మిషను బడి పాత్రయు, తెలుగు ఛందస్సు పాత్రయు రెండును కలవు.

ఇంతమాత్రమున ఈ విడుదల పూర్తియైనదని చెప్పరాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారము షెడ్యూల్డు కులముల హోదా హిందువులకే పరిమితమైనది. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును అది విస్తరింపబడినది. దళిత క్రైస్తవులు ఆ పట్టికలో చేరలేదు. పల్లెలో వారిని చూచు కన్ను మాఱకున్నను కాగితముపై వారి కులము మాసిపోయినది. మతము మార్చుకొన్నందుకు ఈ మూల్యము చెల్లించిన కుటుంబములు తెలుగునాట లక్షలు. దేవునికి లోబడుట వలన కలిగిన స్వాతంత్ర్యము ఉద్యోగమునకును విద్యకును ప్రత్యామ్నాయము కాదు. వెట్టి పోవుటకు ప్రార్థన ఒక్కటియే చాలలేదు. ఆంధ్రమహాసభ తీర్మానములును, 1946 మొదలు 1951 వరకు సాగిన తెలంగాణ రైతాంగ పోరాటమును, 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టమును కావలసివచ్చెను. అంతరంగమున విడుదల పొందినవాడు బాహ్యమైన సంకెలను ఎక్కువకాలము సహింపడు. కాని ఆ సంకెలను త్రెంచుటకు ఇతరుల చేతులును కావలెను.

అట్లైనచో ఈ చరిత్రనుండి మనము గ్రహింపవలసినదేమి? లోబడుట యను దానిలో రెండు విధములు కలవు. ఒకటి మనుష్యుని చిన్నవానిని చేయును. మఱొకటి వానిని నిటారుగా నిలుపును. ఈ రెండింటిని వేఱుపఱచు గుర్తు చరిత్రయే చూపుచున్నది: ఎవనికి లోబడితిమో ఆ ప్రభువు మనచేత ఇతరులకు మేలు చేయించునా, లేక మనలను వాడుకొనునా? పేరయ్య దేవునికి లోబడి ఊరూర తిరిగి తనవారికి ధైర్యము చెప్పెను. రమాబాయి లోబడి వేలమంది స్త్రీలకు నీడనిచ్చినది. రంగయ్య లోబడి సముద్రము దాటెను. వారి లోబాటు వారిలో ఆగిపోలేదు.

మన తెలుగు కుటుంబములు ఈ మరాఠీ సీమలో అల్పసంఖ్యాకములు. మనలో అనేక కులములవారు, మతములవారు కలరు. మాహూరు రేణుకాదేవికి మ్రొక్కువారును, నాందేడు గురుద్వారమున నమస్కరించువారును, ఆదివారము ప్రార్థనకు పోవువారును మనవారే. అల్పసంఖ్యాకుడు తన ఉనికికై ఎవరినో ఒకరిని ఆశ్రయింపవలెనను తొందరలో పడుట సహజము. బలవంతుని మెప్పుకొఱకు మన భాషను తగ్గించుకొనుటయు, లేక భయముచే గిరిగీసికొని పొరుగువానిని ద్వేషించుటయు ఆ తొందర ఫలములే. తాళ్లకొండపాడు మాదిగపల్లెలో చదువురాని తెలుగువారు ఈ రెంటికిని లొంగక, తమకంటె గొప్పదైన దానికి లోబడి తల యెత్తుకొనిరి. వారి నమ్మకమును మనము పంచుకొనవచ్చును, పంచుకొనకపోవచ్చును. వారి ధైర్యము మాత్రము తెలుగువారందఱి ఉమ్మడి ఆస్తి. మన సంఘము తెలుగు సంస్కృతిని గూర్చి తలచునప్పుడెల్ల గుండ్లకమ్మ ఒడ్డును, కియర్స్‌నీ తోటను, డోర్నకలు దేవాలయమును గూడ తలచుకొనుగాక యని మా ఆకాంక్ష.